గోరుతో గీకి చూడు

హడర్స్‌ఫీల్డ్‌లో మార్చి అంతా ఒకటే ముసురు.
మా ట్రావెల్ క్లినిక్ గుమ్మంలో
పదకొండు జతల బురద బూట్లు, కుప్పగా.
నిన్న మూర్ మీద నడక సాధన చేశారట,
మడమల బొబ్బలు నాకు చూపించి మురిసిపోతున్నారు.

జూలైలో బోర్నియో.
పది రోజులు అడవి, పది రోజులు సేవ.
ఖర్చుల కోసం కేకులమ్మారు,
సూపర్‌మార్కెట్లో జనం సంచులు సర్దారు,
ఒకడు గుండు కూడా గీయించుకున్నాడు,
మొక్కు లేకుండానే.

నేను సూదులేసే మనిషిని.
ఈ భుజానికి టైఫాయిడ్, ఆ భుజానికి కామెర్లు,
కుక్క కాటుకి మూడు విడతలు.
ఇది మలేరియా మాత్ర, ఏదైనా తిన్నాకే వేసుకో.

మారేడుమిల్లి వైపు దాన్ని మన్యం జ్వరం అంటాం.
అడవి అంటే మాకు బడికెళ్లే దారి.
దాన్ని నడిచినందుకు
ఎవరూ మాకు చందాలివ్వలేదు.

"జలగలుంటాయా?" గుండు పిల్లాడు, మార్లీ.
ఉంటాయి. లాగొద్దు.
కడుపు నిండితే అదే రాలిపోతుంది.
మా అమ్మ పొగాకు కాడలు నానేసిన నీళ్లు
కాళ్లకి పూసి పంపేది.
కంపు అని నేను వాగులో కడుక్కునేదాన్ని,
జలగల దగ్గరే.

"అక్కడేం చేస్తారు మీరు?"
"స్కూలుకి రంగు వేస్తాం."

సిరంజిలోకి మందు లాగుతున్న చెయ్యి
కాస్త ఆగింది.

మా ఆశ్రమ పాఠశాలకీ వచ్చారు ఒకసారి.
ఏ దేశమో తెలీదు, ఎర్రగా కందిపోయిన మొహాలతో.
గోడకి నీలం వేశారు.
ఒకామె నా జడలు విప్పి
మళ్లీ అల్లింది, చేతకాక, వదులు వదులుగా.
మూడు రోజులు తల దువ్వనివ్వలేదు నేను.

మరుసటేడు ఇంకెవరో.
నీలం మీద పసుపు.
ఆపై ఏడు ఆకుపచ్చ, దాని మీద ఏనుగు బొమ్మ.
మా కొండల్లో ఏనుగుల్లేవు.
వానపడితే చెమ్మ ముందుగా
ఏనుగు కడుపులోంచి దిగేది.

పండమ్మకి మన్యం జ్వరం వచ్చింది ఆ ఏడే.
మాత్రలు రంపచోడవరంలో ఉన్నాయి.
గోడ మా దగ్గరుంది.

ఇదంతా పదిహేడేళ్ల పిల్లాడికి చెప్పే సంగతా?
వాడు అప్పటికే సూది వైపు చూడకుండా
పైకప్పు పలకలు లెక్కపెడుతున్నాడు.
దూది అదిమి పట్టి ఇంతే అన్నాను,
"రంగు వేసే ముందు గోడని గోరుతో గీకి చూడు."
"ఎందుకు?"
"ఊరికే."

ఆగస్టులో వచ్చింది మార్లీ కాదు.
ఆ రోజు వాడి వెనక నిలబడ్డ పిల్ల.
పేరు రికార్డులో చూడాల్సి వచ్చింది, టాంసిన్.
చీలమండ దగ్గర జలగ కాటు పుండైంది.
లాగేసింది, చెప్పినా సరే.

కట్టు కడుతుంటే జేబులోంచి
ఖాళీ మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది.
ఒక గదిలో చిన్న రంగు పెచ్చు.
పైన తెలుపు, కింద గులాబీ,
దాని కింద నీలం, అడుగున సిమెంటు.
"తెలుపు మాది," అంది.

"మరి తర్వాత?"
"బ్రష్ పెట్టేసి వంటావిడ దగ్గర కూర్చున్నా.
చేపలు కడగడం నేర్పింది.
నాకు సరిగ్గా రాలేదు.
నేను కడిగినవన్నీ ఆవిడ మళ్లీ కడుక్కుంది."

నవ్వొచ్చింది నాకు. ఆమెకీ.
లేచి వెళ్తూ వెనక్కి తిరిగింది.
రాగి రంగు జుట్టు, వీపు మీద రెండు జడలు,
ఒకటి బిగుతు, ఒకటి వదులు,
మొదట్లో ఎర్ర ప్లాస్టిక్ దారం.

"ఎవరల్లారు?"
"అక్కడి పాప. పన్నెండు రోజులైంది."

తల కడుక్కో అని చెప్పాలి,
నర్సుని కదా.
చెప్పలేదు.